వాకిట్లో కుక్కపాదం

సీరియల్ – తొమ్మిదో భాగం

సోమవారం పొద్దున వెంకటసుబ్బారావు గారి వంటింటి వెనక తలుపుకున్న దోమల జాలీ జానెడు మేర కోసి ఉండటం భానుశ్రీ చూసింది. ఆ ఇంటి కుక్క జున్ను పెరుగన్నం ముట్టకుండా మంచం కింద దూరి వణుకుతుండటం కూడా చూసింది. ఇంట్లో వస్తువేదీ పోలేదు. చూసిందంతా కడుపులో పెట్టుకుని, జాలీని సన్నటి ఇనపతీగతో తనే కుట్టేసింది. భీమవరం పెళ్ళికెళ్ళిన ఇంటివాళ్ళకు రోజూ పంపే ఫోటోలో ఆ తలుపు పడకుండా, కుక్కను జామచెట్టు కింద నిలబెట్టి తీసి పంపింది. పోయిన వారం మనం ఆమెను ఆ జామచెట్టు దగ్గరే వదిలిపెట్టాం. ఏ పిల్లో గీరి ఉంటుందిలే అని తనకు తానే నచ్చజెప్పుకుంటోంది అప్పుడు.

పిల్లి గోరు అంత తిన్నగా కొయ్యదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

తెల్లారి మంగళవారం. రాత్రి సరిగా నిద్ర లేదు. అయినా ఆరింటికల్లా స్కూటీ తీసి, ముందు హేమసుందర్ గారింటికి వెళ్ళి వాళ్ళ రెండు పిల్లులకూ తిండి పెట్టింది. పక్క వీధిలో లెక్చరరు గారి ముసలి పామరేనియన్‌కు కళ్ళల్లో చుక్కలు వేసింది. రెండు వాకిళ్ళలోనూ ముగ్గేసి, ఆరూ ముప్పావుకు వెంకటసుబ్బారావు గారి గేటు ముందు ముగ్గుపిండి డబ్బాతో వంగింది.

ఊరెళ్ళేవాళ్ళ కుక్కల్నీ పిల్లుల్నీ వాళ్ళ ఇళ్ళలోనే కనిపెట్టుకుని ఉండటం భానుశ్రీ పని. పద్నాలుగు నెలల కిందట ప్రైవేటు స్కూల్లో టీచరుద్యోగం మానేసి మొదలుపెట్టింది. పేరు ‘తోడు’. పేరు పెట్టడం తేలికే, దాన్ని నలుగురి చెవిన వెయ్యడమే కష్టం. కేబుల్ టీవీలో తెర కింద పాకే అక్షరాలకు వాళ్ళు చెప్పిన రేటు విని మంచినీళ్ళు తాగి లేచొచ్చింది. ఆటోల వెనక స్టిక్కర్లు అంటిస్తే నెల తిరక్కుండానే వాటి మీద హీరోల బొమ్మలు ఎక్కేశాయి. న్యూస్ పేపర్లో పెట్టి పంచిన కరపత్రాలు పటమట సెంటర్లో బజ్జీల కింద నూనె పీల్చుకుంటూ కనపడ్డాయి. తన ఫోన్ నంబరు మీదే పెట్టిచ్చిన మిరపకాయ బజ్జీ రెండు తిని, నవ్వాలో ఏడవాలో తెలీక ఇంటికొచ్చింది ఆ రోజు.

చివరకు పనికొచ్చింది పిడికెడు ముగ్గుపిండి. మొదట్లో ఒకావిడ, ఎలాగూ పొద్దున్నే వస్తావుగా, వాకిట్లో నాలుగు గీతలు గియ్యమ్మా, మేం లేమని గుమ్మం బోసిపోకూడదు అంది. మొవ్వ దగ్గర పల్లెటూళ్ళో పుట్టిన పిల్ల భానుశ్రీ. పలక మీద అక్షరం కన్నా ముందు ఆమె చేతికి ముగ్గు వచ్చింది. పద్మం వెయ్యబోయి, ఏమనిపించిందో, కుక్కపాదం వేసింది. నడుమ పెద్ద గుండ్రం, పైన నాలుగు వేళ్ళు, లోపలంతా ఎర్రమన్ను. కింద ‘తోడు’ అని రాసి తన నంబరు వేసింది. వాకింగుకు వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. ఒకాయన ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ వారమే మూడు ఫోన్లు వచ్చాయి. అప్పట్నుంచీ ఆమె కాపలా ఉన్న ప్రతి ఇంటి ముందూ అదే ముగ్గు. కాలేజీ హాస్టల్ ఆఫీసులో పనిచేసే భర్త లక్ష్మీకాంత్, ఎంబీఏ చదివినోళ్ళకి కూడా ఇది తట్టదే అన్నాడు. ఆ మాట చాలా రోజులు తియ్యగా ఉంది ఆమెకు.

ముగ్గులో మూడో వేలు గీస్తుండగా కొండలమ్మ వచ్చి సత్తుబేసిను అరుగు మీద దించింది. బందరు దగ్గర సముద్రపొడ్డు ఊరు ఆమెది. పాతికేళ్ళుగా పటమట వీధుల్లో చేపలమ్ముతోంది. హేమసుందర్ గారి పిల్లులకు చిన్నచేపలు తెచ్చేది ఆమే. పొట్లం చేతికిచ్చి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటూ అంది:

“నీ ముగ్గు పుణ్యాన నా గొంతు కాస్త మిగులుతోందమ్మాయ్.”

ఎందుకని నవ్వుతూ అడిగింది భానుశ్రీ.

“కుక్కపాదం కనపడితే ఆ గుమ్మం ముందు కేకెయ్యను. ఇంటోళ్ళు ఊళ్ళో లేరని తెలిసిపోద్దిగా. ఇదివరకు తాళంకప్పకి చేపలమ్మేదాన్ని, పిచ్చిదాన్లాగా.”

తన మాటకు తనే నవ్వి, కొండలమ్మ తలగుడ్డ విప్పి దులుపుకుంది. భానుశ్రీ వేళ్ళ మధ్య పిండి ఆగిపోయింది. మూడో వేలు సగంలో ఉంది.

ఇది ఆమెకు ఒక్కసారిగా అర్థమవలేదు. బావిలో చేద జారినట్టు, ముందు తాడు వేళ్ళ మధ్య నుంచి పరిగెత్తింది, ఆ తర్వాత ఎక్కడో కింద చప్పుడు వినపడింది. పద్నాలుగు నెలలుగా తను చేస్తున్న పని ఇదా. ఏ ఇంటికి తాళం పడిందో చూసి, ఆ ఇంటి ముందు ఇంత పెద్ద గుర్తు వేసి, ఎర్రమన్నుతో నింపి మరీ వెళ్తోంది. ముగ్గు లేని వాకిలి చూస్తే ఇంట్లో లేరేమోనని అనుమానమే కలుగుతుంది. తన ముగ్గు చూస్తే ఇక అనుమానమే ఉండదు. ఇన్నాళ్ళుగా ఈ వీధిలో ఒక్కరికీ, తనకు గానీ లక్ష్మీకాంత్‌కు గానీ ఆ కాలనీ గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టిన పెద్దమనుషులకు గానీ ఈ ఆలోచన రాలేదు. చేపలమ్మే మనిషికి మొదటి రోజే వచ్చింది.

కోసిన జాలీ కళ్ళముందుకొచ్చింది.

ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా అని అడిగింది. 

“అనకేం. కాయితాలిచ్చి నలుగురికీ చెప్పమన్నది నువ్వేగా.” కొండలమ్మ కాస్త నొచ్చుకుంది. “చేపలు కొన్న ప్రతోళ్ళకీ ఒకటిచ్చా. మొన్న శుక్రారం ఒకతను మోటారుసైకిలాపి, ఈ ముగ్గేంటి, చాలా చోట్ల ఉందే అనడిగాడు. నువ్వు చెప్పినట్టే చెప్పా. ఊరెళ్ళినోళ్ళ కుక్కల్ని మా అమ్మాయి చూసుకుంటది, పొద్దున గంటసేపు, సాయంత్రం గంటసేపు వస్తది, తాళాలు గూడా నమ్మి ఇస్తారు, అంత మంచిది అని. కాయితం కూడా ఇచ్చా. మడత నలక్కుండా జేబులో పెట్టుకున్నాడు. బేరం తెచ్చిపెట్టాననుకున్నా. ఫోను చెయ్యలేదా నీకు?”

చెయ్యలేదంది భానుశ్రీ.

మనిషి ఎలా ఉంటాడని అడిగితే, ఏముంది, అందరిలాగే ఉన్నాడంది కొండలమ్మ. నలభై ఏళ్ళుంటాయి, ఇన్‌షర్టు చేసుకున్నాడు, చేపలు మాత్రం కొనలేదు. పావుగంట కబుర్లు చెప్పి, వెళ్ళేటప్పుడు బేసిను నెత్తికెత్తడానికి చెయ్యి కూడా వేశాడట. అందుకే గుర్తున్నాడట.

భానుశ్రీ లోపలికి వెళ్ళి బకెట్టుతో నీళ్ళూ చీపురూ తెచ్చింది. పొద్దున్నే పెట్టిన ముగ్గు చెరపకూడదమ్మాయ్ అని కొండలమ్మ లేచి అడ్డం రాబోయింది. భానుశ్రీ మొహం చూసి ఆగిపోయింది. ఎర్రమన్ను నీళ్ళల్లో కలిసి సిమెంటు మీద పారి, డ్రైనేజీ మూత దాకా ఎర్రగా జారింది. ఎంత తోమినా నాలుగు వేళ్ళ నీడ మిగిలే ఉంది.

“నేనేమన్నా తప్పు చేశానా?” అంది కొండలమ్మ, మెల్లిగా.

తప్పు నాదేనంది భానుశ్రీ.  బేసిను ఎత్తి ఆవిడ నెత్తిన పెట్టి పంపించేసి, పిల్లుల చేపల పొట్లం సంచిలో వేసుకుని స్కూటీ ఎక్కింది.

హేమసుందర్ గారి ఇల్లు బందరు కాలవ పక్క వీధిలో. గంట కిందట తను వేసిన ముగ్గు మధ్యలోంచి మోటారుసైకిలు టైరు గుర్తు పోయింది. వీధిలో బళ్ళు తిరుగుతాయి, ముగ్గుల మీదుగా పోతాయి, అందులో వింతేమీ లేదు. కానీ ఈ గుర్తు అడ్డంగా పోలేదు. తిన్నగా గేటు దాకా వచ్చి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగింది. ఆగినచోట బూటు అడుగొకటి పిండిలో అచ్చు పడింది. గేటు మీద నుంచి లోపలికి చూడటానికి మనిషి ఎక్కడ కాలు మోపుతాడో సరిగ్గా అక్కడ. లెక్చరరు గారి వాకిట్లో కూడా అంతే. ఆ టైరు అక్కడ ఇంకా ఎక్కువసేపు నిలబడ్డట్టుంది, ఒక నూనెచుక్క కూడా ఉంది.

రెండుచోట్లా కడిగింది. ముగ్గు లేకపోతే అదొక అనుమానం కదా అని తడి ఆరకముందే చుక్కలు లేకుండా నాలుగు గీతల మామూలు ముగ్గు గీసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె గీత వంకర పోయింది. ఎదుటి మేడ మీద బట్టలారేస్తున్న మనిషి తలెత్తితే ఉలిక్కిపడింది. వీధి చివర ఇస్త్రీబండి దగ్గర నిలబడ్డవాడు ఇన్‌షర్టు చేసుకుని ఉన్నాడు. బస్టాపులో ఇద్దరు, పాలబూతు దగ్గర ఒకడు, అందరూ ఇన్‌షర్టులే. ఊరంతా పొద్దున్నే ఇన్‌షర్టులు చేసుకుని ఆఫీసులకు బయల్దేరుతోంది.

ఆమె భయం దొంగ గురించి మాత్రమే కాదు. మూడిళ్ళ తాళాలు ఆమె సంచిలో, పాత పచ్చడి సీసాలో ఉన్నాయి. ఎవరింట్లో ఏది పోయినా, తాళం ఎవరి దగ్గరుందని పోలీసులు అడిగే మొదటి ప్రశ్నకు ఆమె పేరే జవాబు. ఆ ముగ్గు ఎవరు వేశారన్న రెండో ప్రశ్నకూ ఆమె పేరే. కింద ఫోన్ నంబరు కూడా ఆమే రాసిపెట్టింది. జాలీ కోసిన రోజు ఎందుకు చెప్పలేదని మూడోది అడిగితే, దానికి ఆమె దగ్గర జవాబే లేదు. చెబితే ‘తోడు’ పేరు పోతుందని భయపడి దాచింది. ఇప్పుడు పేరొక్కటే కాదు, దొంగలకు దారి చూపించిన మనిషిగా ఈ ఊళ్ళో తలెత్తుకోలేదు.

లక్ష్మీకాంత్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అడ్మిషన్ల రోజులు. వెంకటసుబ్బారావు గారికి చేసింది. పదిహేనుసార్లు మోగి ఆగిపోయింది. ఎత్తనందుకు ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది. అలా తేలికపడినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

పదింటికి మళ్ళీ జున్ను దగ్గరికి వచ్చేసింది. ఎదురింటి రామతులసి బ్యాంకుకు వెళ్ళిపోయినట్టుంది, గేటుకు తాళం ఉంది. మామూలుగా ఈ వేళప్పుడు భానుశ్రీ ఇక్కడ ఉండదు. కుక్కను ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. తలుపు దగ్గరగా వేసి, హాల్లో నేల మీదే కూర్చుంది. జున్ను వచ్చి బరువైన తల ఆమె తొడ మీద పెట్టింది. అయిదేళ్ళ లాబ్రడార్, దూడంత ఉంటుంది, ధైర్యం మాత్రం దానికి కోడిపిల్లంత. దాని చెవులు నిమురుతూ భానుశ్రీ చెప్పాల్సిన మాటలు పేర్చుకుంది. జాలీ నిన్ననే చూశానండీ. దాచానండీ. ముగ్గు వల్ల ఇలా జరిగిందండీ. క్షమించండి అనే మాట ముందుండాలో చివరుండాలో తేలలేదు.

పదీ ముప్పావుకు ఆయనే ఫోన్ చేశారు. వెనకాల సన్నాయి మేళం, గిన్నెల మోత. వెంకటసుబ్బారావు గారిది గవర్నర్‌పేటలో ఫ్యాన్లూ మోటార్ల హోల్‌సేల్ కొట్టు. భానుశ్రీ తల్లిది ఆయన ఊరే, అందుకని బాబాయ్ గారూ అని వరస. తాళం చేతికిచ్చింది కూడా ఆ వరస మీదే.

“పొద్దున చేశావంట తల్లీ. ఈ మేళంలో వినపళ్ళేదు. చెప్పు.”

“బాబాయ్ గారూ, మీకొకటి చెప్పాలండీ. నిన్ననే చెప్పాల్సింది.”

“జాలీ సంగతేగా. తెలుసులే.”

 ఆయన తనంతట తనే చెప్పుకుపోయారు. నిన్న మధ్యాహ్నం ఆమె దగ్గర పనిచేసే మనిషినంటూ ఒకతను కొట్టుకు ఫోన్ చేసి, గుమాస్తా దగ్గర నంబరు తీసుకుని తనతో మాట్లాడాడట. మీ వెనక తలుపు జాలీ ఎవరో కోశారండీ, ఏమీ పోలేదు, మేడం గారు మీకు చెప్పడానికి మొహమాటపడుతున్నారు, మీరొచ్చేలోపు మా ఖర్చుతోనే బాగుచేయిస్తాం అన్నాడట. చాలా మర్యాదస్తుడట.

“నిజం చెప్పొద్దూ, మీ పిన్నీ నేనూ ఎంత సంతోషపడ్డామో. ఇంకొకరైతే దాచేసుండేవాళ్ళు. నువ్వు దాచకుండా చెప్పించావు. వ్యాపారంలో మనిషిని నిలబెట్టేది అదేనమ్మా.”

తను నోరు మూసుకున్నచోట ఇంకెవడో తన నోటితో మాట్లాడాడు. అదీ ఎంత బాగా మాట్లాడాడంటే, తను సిగ్గుపడి చెప్పలేకపోయిన నిజాన్ని సిగ్గు లేకుండా చెప్పి, తనకొచ్చిన మంచిపేరుతో ఆ ఇంటివాళ్ళ నమ్మకం సంపాదించాడు. జాలీ కోసినవాడికి తప్ప జాలీ సంగతి ఎవరికి తెలుస్తుంది.

ఆయన వెనక నుంచి ఆయన భార్య సంపూర్ణమ్మ గారి గొంతు వినపడుతోంది. పడగ్గది ఏసీ కారుతోందని చెప్పండి, ఎలాగూ మనిషి వస్తున్నాడుగా, అది కూడా చూడమనండి అంటోంది.

“వస్తున్నాడా?” అంది భానుశ్రీ.

“నీ తాళం నీ దగ్గరుంటుంది, నువ్వేమో ఊరంతా తిరుగుతుంటావు, నిన్ను ఇబ్బంది పెట్టకూడదన్నాడు. ఎదురింటి రామతులసి దగ్గర మా రెండో తాళం ఉందిగా. ఇమ్మని ఫోన్ చేశాను. నిన్న సాయంత్రమే తీసుకెళ్ళాట్ట.”

రాత్రి ఎందుకు రాలేదో భానుశ్రీకి అప్పుడర్థమైంది. చీకట్లో తాళం తీస్తే ఎదురింట్లో లైటు వెలుగుతుంది. పట్టపగలు, వీధిలో ఆడవాళ్ళు బ్యాంకులకీ స్కూళ్ళకీ వెళ్ళిపోయాక, పనిముట్ల సంచితో వచ్చి తీస్తే మేస్త్రీ అనుకుంటారు. టీ కావాలా అని కూడా అడుగుతారు.

“బాబాయ్ గారూ.” భానుశ్రీ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది. “నా దగ్గర మనిషంటూ ఎవరూ లేరండీ. తోడు అంటే నేనొక్కదాన్నే. జాలీ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనక్కూడా చెప్పలేదు.”

అవతల మేళం ఒక్కటే వినపడుతోంది. ఆయన ఎక్కడికో నడుస్తున్నట్టు, ఆ మేళం కొంచెం కొంచెంగా దూరమైంది. మళ్ళీ మాట్లాడేసరికి ఆయన గొంతులో పెళ్ళి లేదు.

“నువ్వెక్కడున్నావిప్పుడు?”

“మీ ఇంట్లోనేనండీ. హాల్లో.”

“పదకొండింటికి వస్తానన్నాడమ్మా. కుక్క సంగతి తర్వాత, ముందు నువ్వు బయటికొచ్చెయ్. ఫోన్ పెట్టకు, నేను లైన్లోనే ఉంటా. రామతులసి ఇంటికి పో.”

రామతులసి ఇంట్లో లేదని చెప్పే టైము కూడా వృథా అనిపించింది. గోడ గడియారం పదకొండుకు ఆరు నిమిషాలు చూపిస్తోంది. కుక్కను వదిలి వెళ్ళనని మాత్రం ఆమె కాళ్ళు ముందే తేల్చేశాయి. గొలుసు అందుకుని జున్ను మెడకు తగిలించబోయింది. కొక్కెం రెండుసార్లు జారింది. మూడోసారికి పడింది. లేచి సంచీ భుజాన వేసుకుని, తలుపు వైపు రెండడుగులు వేసింది.

వీధిలో మోటారుసైకిలు వచ్చి ఆగింది. ఇంజను ఆపిన చప్పుడు. గేటు గడియ తీసిన చప్పుడు. తీసినవాళ్ళు దాన్ని మళ్ళీ వెనక్కి జాగ్రత్తగా వేశారు, కుక్క ఉన్న ఇళ్ళలో వేసినట్టు.

భానుశ్రీ తలుపు పై గడియ అందుకుంది. ఎప్పుడూ వాడని గడియ. రంగు పూసి పూసి రెక్కకు అతుక్కుపోయింది. బొటనవేలు గోరు విరిగింది గానీ అది కదల్లేదు. ఫోన్లో వెంకటసుబ్బారావు గారు, బయటికొచ్చావా అమ్మా, భానూ, వచ్చావా అని అడుగుతూనే ఉన్నారు. ఆమె అరచేతిలో ఆ గొంతు చిన్న పురుగులాగా కొట్టుకుంటోంది.

మెట్ల మీద అడుగులు. ఒకరివి కావు.

కాలింగ్ బెల్లు ఒక్కసారే, క్లుప్తంగా మోగింది.

“ఎవరూ?” అంది భానుశ్రీ. ఇంట్లో మనిషుందని తెలిస్తే పోతారేమోనని చిన్న ఆశ.

 తలుపు అవతల, తొందరేమీ లేని గొంతు.

“తోడు నుంచి వచ్చామండీ. మీరేం శ్రమపడకండి మేడం. తాళం మా దగ్గరే ఉంది.”